తిన్న ఇంటి లెక్క

మొన్న మధ్యాహ్నం ఇద్దరు నర్సింగు పిల్లలు జగిత్యాలలో మా ఇంటికి వచ్చారు. చేతుల్లో ఫోన్లు, మెడల్లో కాలేజీ పట్టీలు. ఏ వయసు వాళ్లు ఏం తింటున్నారో రాసుకుంటున్నారట. నన్ను చూడగానే ఒక పిల్ల ఫోన్లో "వృద్ధులు" అన్నచోట నొక్కేసింది. నా తల నెరిసిన మాట నిజమే గానీ, ఒక్క మాట అడిగి నొక్కితే దాని సొమ్మేం పోయింది?

"అమ్మా, ఇంట్ల ఎంతమంది తింటరు? నిన్న రాత్రి ఏం వండిన్రు?" అని మొదలుపెట్టింది. చెప్పాను. మధ్యలో చాయ్ పెట్టి ఇస్తే ఇద్దరూ ఊదుకుంటూ తాగేశారు. అంతే, నా మనసు వాళ్ల ప్రశ్నల మీద నుంచి జారి ఎక్కడికో పోయింది. ఆమె ఉండి ఉంటే ఈ పిల్లల్ని చాయ్ గ్లాసులతో సహా వాకిట్లోకి పంపేది.

ఆమె పేరు రాయను. ఊళ్లలో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు, సిస్టరమ్మ అన్నారు. మేం అక్కా అనేవాళ్లం. సిరిసిల్ల దవాఖానలో పెద్ద నర్సు. నక్సలైటు అన్నల కాలంలో హైదరాబాదు నుంచి ఒక డాక్టరు మా పల్లెలకు ఒక పరిశోధన తెచ్చాడు. పుట్టిన బిడ్డ మొదలు పండు ముసలి దాకా ఏ వయసులో ఎవరు ఎంత తింటున్నారు, ఎంత బరువున్నారు అన్నది తేల్చాలి. దానికి ఆమెను పెద్దగా వేశారు. నర్సు చదువు అప్పుడే ముగించిన నాలాంటి ఆడపిల్లలు కొందరిని ఆమె చేతికింద పెట్టారు. నేను కోరుట్లలో మా అమ్మ బీడీల చాట పక్కన పెరిగినదాన్ని, నోరు ఎక్కువ. మొదటిరోజే ఆమె నాకు వసపిట్ట అని పేరు పెట్టింది.

ఆమె ఎడమ భుజానికి ఒక గుడ్డసంచి ఉండేది. అందులో పాత చీరముక్కలో చుట్టిన కిలో ఇనుపరాయి. రోజూ పొద్దున్నే కాంటాకు ముందు దాన్ని వేలాడదీసి, ముల్లు సరిగ్గా నిలిచిందో లేదో చూసేది. నిలవకపోతే ఆ పూట ఆ కాంటా బయటికి రాదు. గొల్లపల్లి ఆడవాళ్లు ఆ మూట చూసి "సిస్టరమ్మ ఇనుప బిడ్డను సంకనేసుకొని తిరుగుతది" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వి, మూటను కాస్త పైకి ఎగదోసుకునేది.

పసిపిల్లల్ని గుడ్డలో వేసి కాంటాకు కట్టబోతే అవ్వలు అడ్డం పడేవారు. తూచితే దిష్టి తగులుతుందని వాళ్ల భయం. డాక్టరు చెప్పమన్నట్టు మేం మూఢనమ్మకం అంటూ మొదలుపెట్టేలోపే ఆమె కాటుక భరిణె తెచ్చి, బిడ్డకు కాదు, కాంటా ముఖానికే ఇంత బొట్టు పెట్టేది. "దిష్టంత గిది గుంజుకుంటది పో" అనేది. అవ్వలు ఒప్పుకునేవారు. కొన్ని వారాలు తిరిగేసరికి మా కాంటా పెళ్లికూతురిలా తయారైంది.

ఇంకో అలవాటు చూసి నాకు మొదట్లో ఆమెకు మతి తప్పిందేమో అనిపించింది. తొట్టెలో పిల్లవాడిని "ఏమయ్యా పెద్దమనిషీ, పాలు సక్కగ తాగుతున్నవా?" అని మర్యాదగా అడిగేది. పళ్లు రాలిన ముసలమ్మను మాత్రం "ఏమే పోరీ" అని పిలిచేది. బుగ్గారంలో ఒకావిడ, మనవళ్లకు పిల్లలు పుట్టినామె, ఆ పిలుపు కోసమే పొద్దుగాల తల దువ్వించుకొని అరుగు మీద కూర్చునేది. ఎందుకట్లా పిలుస్తావని అడిగాను. "పిల్లగానికి ముందట పెద్దరికమున్నది, ముసల్దానికి ఎన్కకు పోయింది పోరితనం. లేనిది ఇస్తె ఎవలైన సంబురపడుతరు గదనే" అంది. అప్పుడు తలాడించాను. ఇప్పుడు ఎవరూ నన్ను పోరీ అనడం లేదు గనుక అర్థమవుతోంది.

అడగడంలో ఆమెకో పద్ధతి ఉంది. ప్రశ్న అడిగి, ఇక ఆ ప్రశ్నతో తనకు సంబంధం లేనట్టు కోడిపిల్లల వంకో, ఎండలో ఆరేసిన వడియాల వంకో చూస్తూ కూర్చునేది. నాకు ఆగడం చేతకాదు. జవాబు రాకముందే నేనే మూడు జవాబులు అందించేదాన్ని. "అడుగుడు సగం పని, ఆగుడు సగం పని. నువ్వు రెండో సగం ఇంటికాడ మర్సి వస్తవ్" అని తిట్టేది.

అన్నిటికంటే పెద్ద వింత, ఆమె ఎవరింట్లోనూ ఏమీ ముట్టదు. చాయ్ లేదు, మజ్జిగ లేదు. నీళ్లు కూడా తన సీసావే. సద్ది డబ్బా తెచ్చుకొని ఊరి బయట ఏ బావిగడ్డ మీదో తినేది. మమ్మల్నీ తిననిచ్చేది కాదు. పల్లెల్లో దీనికి ఏం పేరు పెడతారో తెలుసు కదా. రెడ్లు, వెలమదొరలు ఆమెది ఏం కులమోనని ఆరా తీశారు. మాదిగవాడలో తమ కులం చూసే తాగడం లేదని బాధపడ్డారు. ఎవరింట్లోనూ తాగదు గనుక అందరినీ ఒకే తీరుగా నొప్పించింది.

ఆ డబ్బాలో ఏముంటుందో తెలుసుకోవాలని నాకు మహా ఆరాటం. పెద్ద నర్సు కదా, ఏ కోడికూరో ఉంటుందనుకున్నాను. ఒకరోజు ఆమె చేతులు కడుక్కునేందుకు పోయినప్పుడు మూత తీసి చూశాను. మక్కజొన్న నూకల గటుక, చింతకాయ తొక్కు. తిరిగొచ్చి మూత వంకరగా ఉండడం చూసింది. "దొరికిందా సూడవలసింది?" అంది. సిగ్గు దాచుకునేందుకు, ఎవరింట్లోనైనా తింటే ఏమవుతుందక్కా అని ఎదురడిగాను.

"మనం తింటమని తెలిస్తె రేపటిసంది మనకోసం వండుతరు. సుట్టానికి వండింది సూసి ఇంటి తిండి అని రాసుకుంటె మనంత పిస్సోళ్లు లేరు. తూచినోళ్లు తిన్న ఇంటి లెక్క చెల్లది. కొట్టేయాలె." డాక్టరు అచ్చు వేయించిన నియమాల్లో ఇది లేదు. ఆమె పట్టుబట్టి చేర్పించింది.

అవి ఎట్లాంటి రోజులో కూడా చెప్పాలి. కోనరావుపేట అవతలి ఊళ్లకు బస్సు ఒకరోజు వస్తే నాలుగురోజులు రాదు. దొరలు పట్నం పోయారు, వాళ్ల కోటలాంటి గడిలో పోలీసులు దిగారు. చీకటిపడితే అన్నలు, తెల్లవారితే పోలీసులు. అన్నం పెట్టమని వచ్చినవాళ్లకు పెట్టకపోతే ఒక తంటా, పెట్టారని తెలిస్తే ఇంకో తంటా. నడుమ మేం కాంటా పట్టుకొని "ఇంట్ల ఎంతమంది తిన్నరు?" అని గడప గడపకూ అడుగుతూ పోయాం. ఈ ప్రశ్న మాకంటే ముందే ఆ ఊళ్లో తుపాకీ పట్టుకున్నవాళ్లు అడిగారని మాకు తట్టనే లేదు.

రెండు వైపులా మామీద కన్నుండేది. ఒకసారి బావి దగ్గర ఒక యువకుడు ఎదురొచ్చి, ఎవరి కోసం తూస్తున్నారని ఆమెను అడిగాడు. వాడు అన్నల మనిషని ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఆమె దగ్గరికి పోయి, వాడి కంటి కింది రెప్పను వేలితో లాగి చూసింది. "రక్తం లేదు నీకు. తోటకూర తిను" అని నడక సాగించింది. వాడు రెప్ప రుద్దుకుంటూ అక్కడే నిలబడిపోయాడు.

కోనరావుపేట అవతల ఒక చిన్న ఊళ్లో మూడురోజుల తూకం పెట్టుకున్నాం. మేం ఎంచుకున్నది ఒక వాడ. సాయంత్రం ఎసరులో పోయబోయే బియ్యం తూచుకోవాలి, మర్నాడు పొద్దున ఎవరెవరు తిన్నారో అడగాలి. బడి వరండాలో మా మకాం.

ఆ వాడ మొదట్లో ఒక అవ్వ ఇల్లు. ఆమె కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో అవ్వ, నెలలు నిండుతున్న కోడలు, రెండేళ్ల మనవడు. అంతే. మొదటి సాయంత్రం నేను పోయి కోడలి చేతిలో గంపెడు బియ్యం చూసి, చాటలో పోసి తూచాను. పెండ్లివారికి వండినట్టుంది. లెక్క రాసుకొని వచ్చాను.

పొద్దున అక్కతో కలిసి మళ్లీ పోయాను. కోడలు కాళ్ల మీద చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తోంది. అన్నం వండే గంజు తోమి బోర్లించి ఉంది.

"రాత్రి అన్నం ఎవలెవలు తిన్నరవ్వా?" అని అడిగాను.

"ఇంకెవలు తింటరు? నేనే తిన్న."

"అంతన్నమా?"

"మరి ఆకలైంది."

నోట్లో ఒక్క పన్ను లేదు. మనిషి కట్టెపుల్ల. కిందా మీదా చూశాను. నేను నోరు తెరిచేలోపు అక్క నా కాలు తొక్కింది. "మంచి ఆకలే పోరీ నీది, గట్లనే తిను" అంది. అవ్వ ముఖం కాస్త తేటపడింది. అక్క కోడలి వైపు తిరిగింది.

"గంజి ఏం జేసినవ్ బిడ్డా?"

"తాగిన" అంది కోడలు, తలెత్తకుండానే.

అక్క ఎప్పట్లా వడియాల వంక చూడలేదు. ఆ పిల్ల పెదవుల వంకే చూసింది. తర్వాత లేచింది.

ఆ వాడ తిరిగేసరికి తెలిసింది, ముసలివాళ్లకు ఒక్కసారిగా ఆకలి పుట్టింది ఈ ఒక్క ఇంట్లోనే కాదని. ఒక తాత కడుపులో పురుగులున్నాయన్నాడు. ఇంకో ఇంట్లో కుక్క తినిపోయిందన్నారు, ఆ ఇంట్లో కుక్క లేదు. బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "అక్కా, అందరు అబద్ధాలు చెప్తున్నరు. ఏం రాద్దాం?" అన్నాను. "తూచింది రాసినవ్ గద. తినుడు సంగతి జర ఆగు" అంది. ఆ ఆగడమే నాకు చేతకానిదని చెప్పాను కదా.

ఆ మధ్యాహ్నమే గడి నుంచి పిలుపొచ్చింది. ఎస్సై గడి వరండాలో కుర్చీ వేసుకొని ఉన్నాడు. వయసు చిన్నదే, కళ్ల కింద నల్లటి చారలు. మాకు కుర్చీలు వేయించాడు, మర్యాదకు లోటు చేయలేదు.

"సిస్టరమ్మా, మీరు బియ్యం తూస్తరట గదా. ఏ ఇంట్ల మనుషులెందరు, బియ్యమెంత, మీకంటె బాగ ఎవలికి తెలుసు? ఏ ఇండ్లల్ల ఎక్కువ వండిన్రో చెప్పున్రి. రేపు సాయంత్రందాక టైమిస్తున్న."

"రేపు చెప్త సారూ" అంది ఆమె.

చెబితే ఆ అవ్వనూ, నెలలు నిండిన ఆ కోడలినీ జీపులో ఎక్కిస్తారు. అట్లా ఎక్కినవాళ్లు ఎట్లా తిరిగొచ్చారో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. చెప్పకుండా తప్పించుకునేందుకు ఈమె అంకె మార్చే మనిషి కాదు. ముల్లు వెంట్రుకవాసి తేడా వస్తే కాంటానే పక్కన పెట్టే మనిషి అబద్ధపు లెక్క ఎట్లా చెబుతుంది? మకాంకు నడిచివస్తూ ఏం చేస్తావక్కా అని ఎన్నిసార్లు అడిగానో. ఆమె ఇనుపరాయి సంచిని అటు భుజం నుంచి ఇటు భుజానికి మార్చుకొని నడిచింది.

మర్నాడు పొద్దున ఆమె సద్ది డబ్బా బడిలోనే పెట్టి బయలుదేరింది. మరిచిపోయిందేమోనని నేను తీసుకొని వెంటపడితే, ఉండనీ అంది. తిన్నగా అవ్వ ఇంటికి పోయి గడపలో కూర్చుంది.

"పోరీ, ఆకలైతున్నది. జర బువ్వ పెట్టు."

అవ్వ చేతిలో చీపురు అట్లాగే ఆగిపోయింది. ఎదురింటామె గోడమీద నుంచి తొంగిచూసింది. నీళ్లు కూడా ముట్టని సిస్టరమ్మ అన్నం అడుగుతోంది. అవ్వ లోపలికి ఉరికింది. మునుపటి రాత్రి అన్నం కాస్త మిగిలితే చల్లపోసి, ఉల్లిగడ్డ కోసి, తలెలో పెట్టుకొచ్చింది. కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ, "మా ఇంట్ల తింటున్నవా బిడ్డా" అంది.

"ఒక్కదాన్నే తిన. నాకు అలవాటు లేదు. కోడలు నా ఎంబడి కూసుంటెనే తింట."

"అయ్యో, అదెట్ల? అత్త తినకముందు, సుట్టం తినకముందు అదెట్ల కూసుంటది? అది ఎనక తింటది తియ్యి."

"అయితె నేను లేస్త" అని నిజంగానే లేవబోయింది. అన్నం ముందు నుంచి మనిషి ఆకలితో లేచిపోతే ఇంటికి మంచిది కాదు. అవ్వ కంగారుపడి కోడలిని పిలిచింది. ఆ పిల్ల బీడీల చాట పక్కకు పెట్టి, తంబాకు చేతులు కడుక్కొని, గోడవైపు తిరిగి సగం కూర్చుంది. అక్క రెండు బుక్కలు తిని, "గీ దిక్కు ముట్టలే, ఎంగిలి గాదు" అని తలెను ఆ పిల్ల వైపు జరిపింది. అది తినేదాకా అక్కడే కూర్చొని అవ్వతో వానల సంగతి మాట్లాడింది.

తర్వాత పక్కిల్లు. ఆ తర్వాత ఆ పక్కిల్లు. ఒకచోట అంబలి, ఒకచోట పచ్చిపులుసుతో మెతుకులు, ఇంకోచోట వేయించిన మక్కలు. మేం తూచిన ఏ ఇల్లూ వదల్లేదు. ప్రతి ఇంట్లో అదే పేచీ, వండినామె పక్కన కూర్చుంటేనే తింటానని. వాడంతా పండుగలా అయింది. మాదిగవాడ అంచున ఉన్న ఇంట్లో ముసలాయన ఆమె తింటుంటే చూసేందుకు చుట్టుపక్కల వాళ్లను పిలుచుకొచ్చాడు. పొద్దు వాలేసరికి ఆమెకు వెక్కిళ్లు పట్టుకున్నాయి. నాకు అప్పటికే సంగతి తెలిసి, నవ్వాలో మొక్కాలో తెలియకుండా ఉంది.

గడికి పోయాం. ఎస్సై ఎదురుచూస్తున్నాడు.

"చెప్పున్రి సిస్టరమ్మా."

"సారూ, మా పనికి ఒక నియమమున్నది. తూచినోళ్లు తిన్న ఇంటి లెక్క చెల్లది, కొట్టేయాలె. నేను అన్ని ఇండ్లల్ల తిన్న. గీ ఊరికి లెక్కనే లేదు." నడుమ ఒక వెక్కిలి వచ్చింది.

"అన్ని ఇండ్లల్లనా?"

"ఊరును అడుగున్రి. అందరు సూసిన్రు."

అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "రాసింది పోనియ్యి. తెలిసింది చెప్పు" అన్నాడు. ఈసారి బహువచనం లేదు.

"కడుపునిండ తిన్న. తిన్న ఇంటి మాట ఎట్ల చెప్త సారూ?"

అతను లేచాడు, వరండా చివరిదాకా పోయాడు, తిరిగొచ్చాడు. మీ పెద్దలకు రాస్తానన్నాడు, మళ్లీ ఈ మండలంలో కనపడొద్దన్నాడు. సరేనంది. మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి వేరే గొంతుతో పిలిచాడు. ఇంటి దగ్గర వాళ్లమ్మకు కాళ్లు వాస్తున్నాయట. ఏం మందు వేయాలని.

"ఏం తింటది మీ అమ్మ?" అని అడిగింది అక్క.

ఊరంతా ఎవరేం తిన్నారో తెలుసుకోవాలనుకున్న మనిషి ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాడు. ఆమె అలవాటు ప్రకారం ఆగింది. కాళ్ల వాపును తేలిగ్గా తీసుకోవద్దని, డాక్టరుకు చూపించమని చెప్పి దిగింది.

ఆ ఊరి పని మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. డాక్టరు మండిపడ్డాడు. ఎస్సై రాసిన ఉత్తరమూ పైకి చేరింది. ఆమెను పరిశోధన నుంచి తీసేసి మళ్లీ సిరిసిల్ల వార్డుకు పంపారు. పరిశోధన తర్వాత అచ్చయింది. అందులో ఆ ఊరి పేరు లేదు, ఆమె పేరూ లేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఆమెకు వచ్చిందో లేదో తెలియదు. పోతూ పోతూ ఇనుపరాయి నా సంచిలో వేసి, "దీన్ని సూసుకో వసపిట్టా" అంది.

అవ్వ ఇంటికి జీపు రాలేదు. కోడలికి ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని ఎవరో చెప్పగా విన్నాను.

ఏళ్ల తర్వాత, ఆమె ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఒక పెండ్లికని సిరిసిల్ల పోయి ఆమెను చూసి వచ్చాను. అదే చివరిసారి. ఒంటరిగా ఉంటోంది. పక్కింట్లో మరమగ్గాల సాంచాలు టకటకా నడుస్తుంటే ఆ చప్పుడులో గొంతు పెంచి మాట్లాడుకున్నాం. నన్ను కూర్చోబెట్టి అన్నం, పప్పుచారు, వంకాయ కూర వడ్డించింది. ఇన్నేళ్లూ నన్ను తొలుస్తున్న మాట అప్పుడు అడిగాను.

"అక్కా, నిజం చెప్పు. ఆ రాత్రి అవ్వ ఇంట్ల తిన్నది ఎవలో నీకు తెలుసా?"

ఆమె కిటికీ వంక చూస్తూ కూర్చుంది. నేనూ ఆగాను. అప్పటికి నాకు ఆగడం వచ్చింది.

"తిన్నదెవలో నాకు తెల్వదు. తెలుసుకునే పని నాది గాదు. తిననిది ఎవలో తెలిసింది. గంజి తాగిన అన్నది సూడు, ఆ పిల్ల. అంత అన్నం వండి, పెట్టి, అది గంజి తాగి పండుకున్నది. ప్రతి ఇంట్ల గట్లనే ఉన్నది. వండినామెకే లేదు. అందుకే పక్కన కూసోబెట్టుకున్న. ఆ ఒక్కపూటన్న తింటరని." నా తలెలో ఇంకో గరిటె పప్పుచారు పోసింది. "ఆ లెక్క రాద్దామనుకున్ననే. ఊరే కొట్టుడు పోయె."

ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఎస్సైని ఓడించేందుకు చేసిన ఎత్తు అనుకొని ఇన్నేళ్లూ పదిమందికి చెప్పుకొని మురిసిపోయాను. ముద్ద కలపబోయి, నా ముందున్న తలె వంక చూశాను, తర్వాత ఆమె వంక. పొయ్యి పక్కన అన్నం గంజు అప్పటికే తోమి బోర్లించి ఉంది.

"నువ్వు తిన్నవా అక్కా?"

"నేను ఎనక తింట తియ్యి. నువ్వు తిను."

లేచి ఇంకో తలె తెచ్చి, నా అన్నంలో సగం అందులోకి తీసి ఆమె ముందు పెట్టాను. నువ్వు తినకపోతే నేను లేస్త అన్నాను. ఆమె నన్ను ఒకసారి కోపంగా చూసి, చేయి కడుక్కునేందుకు లేచింది.